పందిరి కింద వీధి రుచులు

మన నగరవాసులు భోజనప్రియులన్న ఖ్యాతి ఈనాటిది కాదు. 2019లో యునెస్కో సంస్థ పాకకళకు ప్రసిద్ధి వహించిన సృజనాత్మక నగరాల సరసన హైదరాబాదును చేర్చినప్పుడు ఆ ఖ్యాతికి ఒక అంతర్జాతీయ ముద్ర పడింది. అందరితో పాటు నేనూ సంతోషించాను. అయితే ఆ కీర్తిలో అధికభాగం తెల్లని బల్లగుడ్డలు పరచిన హోటళ్ళకు చెందినది కాదనీ, రోడ్డు పక్కన నాలుగు చక్రాల బండి మీద పొయ్యి వెలిగించుకునే చేతులకు చెందినదనీ నా నిశ్చితాభిప్రాయం. గత శీతాకాలంలో నగరంలో జరిగిన ఒక ఆహారోత్సవానికి వెళ్ళివచ్చిన పిమ్మట ఆ అభిప్రాయం మరింత బలపడింది. ఆ సంగతే పాఠకులకు మనవి చేస్తున్నాను.

ఉత్సవం మూడు రోజులు జరిగింది. విశాలమైన మైదానంలో పందిళ్ళు వేసి, రంగురంగుల దీపాలు కట్టి, వీధి రుచులన్నీ ఒకేచోట లభించునని ద్వారం మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఉర్దూ శాఖకు చెందిన నా మిత్రుడూ నేనూ ప్రవేశ రుసుము చెల్లించి లోపలికి అడుగుపెట్టేసరికి దీపాలు వెలిగే వేళయింది. ఎటు చూసినా జనసందోహమే. ఒకవైపు విజయవాడ పునుగులు, ఒకవైపు పెసరట్టు, మరొకవైపు చాట్, జిలేబీ, కబాబులు. పిల్లల కేరింతలు, పళ్ళెముల చప్పుడు, నేతి వాసన కలిసి ఒక తిరునాళ్ళ వాతావరణాన్ని సృష్టించాయి. ముందుగా లుక్మీ తిన్నాం. కైమా కూరిన ఆ చతురస్రాకారపు వంటకానికి ఆ పేరు ‘లుక్మా’, అనగా ముద్ద అన్న మాట నుండి వచ్చిందని మిత్రుడు వివరించాడు. మాకు దొరికినది మాత్రం ఏ దవడకూ లొంగే ముద్ద కాదు.

హలీం వద్దకు వెళ్ళాం. ఈ వంటకం గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. నిజాం సైన్యంలో కొలువు చేయవచ్చిన యెమెన్ అరబ్బుల ‘హరీస్’ దీనికి మూలం. వారు స్థిరపడిన బార్కస్ పేటకు ఆ పేరు సైనికుల ‘బ్యారక్స్’ నుండే వచ్చింది. నానబెట్టిన గోధుమలనూ మాంసాన్నీ భట్టీ మీద గంటల తరబడి ఉడికించి, ఘోట్నా అనే కొయ్య గుదియలతో ఇద్దరు మనుషులు చెమటోడ్చి మెదిపితే గాని పిడికెడు పీచు కూడా ఆ గోధుమలలో కలిసిపోదు. 2010లో హైదరాబాదు హలీముకు భౌగోళిక గుర్తింపు లభించినదంటే అది ఈ శ్రమకు లభించిన గుర్తింపే. ఉత్సవంలో ఆ శ్రమ జాడ లేదు. ఎక్కడో వండి తెచ్చిన హలీమును విద్యుత్తుతో వెచ్చబెట్టే ఉక్కు పాత్రలో ఉంచి గరిటెతో వడ్డిస్తున్నారు. తినడానికి బాగానే ఉంది. కాని వెనుక భట్టీ లేదు, ఘోట్నా చప్పుడు లేదు.

మిరపకాయ బజ్జీ విషయంలో ఇంకొంచెం నిరాశ కలిగింది. మధ్యాహ్నమే సగం వేయించి పెట్టుకున్న బజ్జీలను గిరాకీ వచ్చినప్పుడల్లా మరొకసారి నూనెలో ముంచి తీస్తున్నారు. వీధిలో బండివాడు అలా చేయడు. అతడు సద్గుణవంతుడు కావడం ఒక్కటే దానికి కారణం కాదు. వాయి దిగకముందే చుట్టూ పదిమంది చేతులు చాపి నిలబడి ఉంటారు గనుక అతనికి నిలువ పెట్టుకునే అవకాశమే ఉండదు. పిండి బొట్టు ఒకటి నూనెలో వేసి, అది పైకి తేలిన తీరును బట్టి వేడిని గ్రహిస్తాడు. ఆ నేర్పు అతని జీవనాధారం. పందిరి కింద నిలబడినవాడు దినకూలికి వచ్చిన కుర్రవాడు. వానిని తప్పుపట్టలేం.

ఆ పందిళ్ళలో అధికభాగం హోటళ్ళవారివే. వీధి రుచుల పండుగలో వీధివారు ఎందరని వెదకగా కొద్దిమందే కనిపించారు. పందిరి అద్దె ఎంతో విన్నాక కారణం బోధపడింది. ద్వారం పక్కన మాత్రం ఒక పాత చెక్కబండిని పూలతో అలంకరించి నిలబెట్టారు. దాని ముందు నిలబడి జనం ఫోటోలు తీయించుకుంటున్నారు. సమీపించి చూస్తే ఆ బండి మా కళాశాల వీధి మలుపులో నిత్యం మాకు బజ్జీలు పెట్టే చాచాది! వీధి శోభ కోసం అతనిని అద్దె లేకుండా పిలిపించారట.

“వ్యాపారం ఎలా ఉంది చాచా?” అని అడిగాను.

“వ్యాపారం సంగతి తర్వాత బేటా, ముందు ఇది చూడు” అని బండి పక్కనున్న కుళాయి తిప్పి చూపాడు. “ముప్పై ఏళ్ళుగా బండి తోస్తున్నాను. నా పక్కన నీళ్ళు రావడం ఇదే మొదటిసారి.”

మేమున్న పావుగంటలో ఆయన అవసరం ఉన్నా లేకపోయినా అయిదారుసార్లు చేతులు కడుక్కున్నాడు. పళ్ళేలు పారే నీటిలో కడిగి వెలుగులో పెట్టి చూసుకున్నాడు. నేను ఆ ఉత్సవంలో చవిచూసిన వంటకాలలో సగం పేర్లు మరచిపోయాను గాని ఈ దృశ్యం మరపునకు రావడం లేదు.

వీధి తిండి అశుచి అని మన పెద్దలు, వైద్యులు హెచ్చరిస్తూ ఉంటారు. ఆ హెచ్చరికను నేను కొట్టివేయను. ఒక వేసవిలో కామెర్లు సోకి పదిహేను రోజులు మంచం పట్టినవాడిని. కారణం బండి తిండో, ఇంటి కుళాయి నీరో ఎవరూ తేల్చలేదు. అయినా ఇంట్లో నింద బండి మీదే పడింది. అయితే ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. ఆ మూడు రోజులూ చాచా మనిషి మారలేదు, నూనె మారలేదు, శనగపిండి మారలేదు. మారినవి మూడే: కుళాయి, దీపం, చెత్తబుట్ట. వాటితోనే అదే బండి శుచిగా కనబడింది. కనుక అశుచి బండివానిది కాదనీ, అతని పక్కన నీరు ఉంచని మనదనీ అనుకోక తప్పదు.

ఇది దానం కోరడం కాదు. వీధిలో వ్యాపారం చేసుకునే హక్కు, సహేతుకమైన నిబంధనలకు లోబడి, రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వాతంత్ర్యంలో భాగమేనని 1989లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వర్తకుల జీవనోపాధి రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం నూటికి 40 మంది వర్తకుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడవ వంతు స్త్రీలు. వర్తకుని మరొకచోటికి తరలించదలచితే 30 రోజుల ముందు తాఖీదు ఇవ్వాలి. చాచాను అడిగితే, ఆయన ఎరిగిన తాఖీదు లాఠీ చప్పుడొక్కటే.

ఉత్సవాలను నిషేధించాలని నేను అనడం లేదు. రంజాన్ మాసపు రాత్రులలో మదీనా కూడలి నుండి చార్మినార్ వరకు నడిచినవారికి, పందిరీ ప్రవేశ రుసుమూ లేకుండానే వీధి ఎంతటి ఉత్సవం కాగలదో తెలుసు. ఆ గుంపులో మతం అడిగేవారుండరు. ఇక సంపాదన మాటంటారా, మన నుమాయిష్ ఉండనే ఉన్నది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభమై, 1946లో నాంపల్లి మైదానానికి తరలిన ఆ ప్రదర్శన రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ ఎన్నో విద్యాసంస్థలను నడుపుతున్నది. సంతలో పోగైన రూపాయి సంత ముగిసిన తర్వాత కూడా ఊరికి ఉపకరించగలదన్నమాట. వీధి పేరు చెప్పి ప్రవేశ రుసుము వసూలు చేసేవారు అందులో కొంత భాగాన్ని వీధికే కేటాయించి, బండ్లు గుమిగూడే కూడళ్ళలో కుళాయిలు వేయిస్తే తప్పేమిటి? అద్దెలో రాయితీ ఇచ్చి సగం పందిళ్ళయినా బండివారికి ఇస్తే, నావంటివాడు చల్లారిన బజ్జీ తినే బాధా తప్పుతుంది.

నా మిత్రుడు ఈ సూచనతో పూర్తిగా ఏకీభవించలేదు. “భాయ్, కుళాయి వేస్తే దానిని చూపి ఎవడో ఒకడు రోజూ అద్దె గుంజుతాడు. ఉన్న డ్రమ్ము నయం” అన్నాడు. అతని తండ్రి చాలాకాలం పత్తర్‌గట్టీలో గాజుల బండి నడిపాడు గనుక ఆ మాటను తేలికగా తీసివేయలేకపోయాను. కుళాయితో పాటు వర్తకుని చేతిలో గుర్తింపు పత్రం కూడా ఉండాలని మాత్రం అన్నాను. ఇద్దరం ఆ వాదన తెగకుండానే ఇళ్ళకు చేరాం.

మరుసటి వారం కళాశాల ముగిశాక వీధి మలుపుకు వెళ్ళాను. బండి అక్కడ లేదు. పోలీసులు జరపమంటే రోడ్డుకు ఆవలి వైపు, మూసిన దుకాణం ముందు నిలిపాడు. బండి కింద రెండు నీలి డ్రమ్ములున్నాయి. సమీపంలోని మసీదు కుళాయి నుండి ఉదయమే నింపుకుని వస్తాడు.

“ఆ మేళా వచ్చే ఏడు కూడా ఉంటుందా బేటా?” అని అడిగాడు.

“ఉంటుందేమో చాచా” అన్నాను.

ఆయన చెంబుతో నీళ్ళు తీసి, సగం నీళ్ళతో చేతులు కడుక్కుని, మిగిలిన సగం తిరిగి డ్రమ్ములో పోసి, పిండి కలపడం మొదలుపెట్టాడు.