కుండ కొలిచిందెవరు? క్వార్టర్‌బ్యాక్ జీతాలు, శాలరీ క్యాప్ రాజకీయం



ఈసారి కొంచెం దూరం వెళ్దాం. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది ఆదివారం వస్తే అక్కడి ఫుట్‌బాల్ చూస్తున్నారు. వాళ్ళ కబుర్లలో ఒక మాట పదే పదే వినపడుతోంది: "క్వార్టర్‌బ్యాక్ ఒక్కడికే అంత పోస్తే మిగతా టీముకి ఏం మిగులుతుంది?" అక్కడి టీవీ చర్చల్లోనూ ఇదే ప్రశ్న. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ ప్రశ్నని తయారుచేసింది ఎవరో, దానివల్ల లాభం ఎవరికో చూడకుండా జవాబు చెప్పకూడదు.

ముందు లెక్కలు చూద్దాం. ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగులో 32 టీములు. ఒక్కో టీములో 53 మంది. బంతి ఎవరికి విసరాలో, ఎప్పుడు పరిగెత్తాలో మైదానంలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. ఒక టీము ఆటగాళ్ళ జీతాలకి ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు అనే గీతే శాలరీ క్యాప్. ఐపీఎల్ వేలంలో టీముకింత పర్సు అని పెడతారు కదా, ఆ జాతి నిబంధనే. 1994లో ఇది మొదలైనప్పుడు టీముకి 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్ల డాలర్లు. ఎనిమిది రెట్లు.

మరి క్వార్టర్‌బ్యాక్? 2013లో ఆరన్ రాడ్జర్స్ ఒప్పందం ఏడాదికి సగటున 2.2 కోట్ల డాలర్లు. అప్పట్లో అదే రికార్డు. ఆ ఏడాది క్యాప్ 12.3 కోట్లు. 2024లో డాలస్ కౌబాయ్స్ డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్ళకి 24 కోట్లు రాసిచ్చింది. అంటే ఏడాదికి 6 కోట్లు. ఆ ఏడాది క్యాప్ 25.54 కోట్లు. పదకొండేళ్ళలో క్యాప్ రెట్టింపైతే, పైమెట్టు మీది క్వార్టర్‌బ్యాక్ సగటు దాదాపు మూడు రెట్లయింది. కాబట్టి "వాళ్ళ వాటా పెరగలేదు, అంతా అపోహ" అని నేను అనను. పెరిగింది. అదే 2025లో కొత్తగా చేరిన కుర్రాడి కనీస జీతం 8 లక్షల 40 వేల డాలర్లు. ప్రెస్కాట్ సగటుకీ ఈ కనీసానికీ మధ్య డెబ్భై రెట్ల తేడా. ఒకే మైదానం, ఒకే బురద, ఒకే దెబ్బలు.

దీని ఫలితమూ కనపడుతోంది. కాన్సస్ సిటీ చీఫ్స్ 2020లో పాట్రిక్ మహోమ్స్‌తో పదేళ్ళకి 45 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2022లో తన మేటి రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామీకి పంపించేసింది. డెన్వర్ బ్రాంకోస్ రస్సెల్ విల్సన్‌ని నమ్మి పెద్ద ఒప్పందం రాసుకుని, రెండేళ్ళకే వదిలించుకుంది. ఆడని ఆటగాడి పేరు మీద 8.5 కోట్ల డాలర్లు రెండేళ్ళ పాటు ఆ టీము క్యాప్ లెక్కలో కూర్చున్నాయి. ఆ భారం ఎవరి మీద పడింది? యజమాని ఇంటి మీద కాదు. మధ్యస్థాయి ఆటగాళ్ళ మీద. ఇలా నలిగేది ఎప్పుడూ మధ్యలో వాళ్ళే. పైనున్న నలుగురైదుగురు పెద్ద ఒప్పందాలు, కింద కనీస జీతం కుర్రాళ్ళు, మధ్యలో ఏడెనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడికి "నీ రేటుకి ఇద్దరు కొత్తవాళ్ళొస్తారు, వెళ్ళిరా" అని నమస్కారం.

ఇక్కడిదాకా విని "చూశావా, తప్పు క్వార్టర్‌బ్యాక్‌దే" అంటారు. ఆగండి. అన్నం కుండలో తమ్ముడు ఎక్కువ తిన్నాడా, అన్న ఎక్కువ తిన్నాడా అని కొట్టుకుంటున్నాం. కుండ ఎంతదో కొలిచిందెవరు? బియ్యం గాదె ఎవరి చేతిలో ఉంది?

గాదె లోపల తొంగి చూడటానికి ఒక్క కిటికీ ఉంది. గ్రీన్ బే ప్యాకర్స్ అనే టీముకి ఒక యజమాని లేడు. సామాన్య జనమే వాటాదారులు. అందుకని అది ఏటా లెక్కలు బయటపెడుతుంది. లీగు ఉమ్మడి ఆదాయం నుంచి ఆ టీముకొచ్చిన వాటా 2024 మార్చితో ముగిసిన ఏడాదికి 40 కోట్ల డాలర్ల పైచిలుకు. మిగతా 31 టీములకీ అంతే వస్తుంది, సమానంగా పంచుతారు కాబట్టి. ఆ సీజన్‌లో క్యాప్ ఎంత? 22.48 కోట్లు. టికెట్లు, స్టేడియం ఆదాయం ఇందులో కలవనే లేదు. ఆటగాళ్ళ వైద్యం, పింఛను వగైరా ఖర్చులు క్యాప్‌కి బయట ఉన్న మాట నిజమే. అవి కలిపినా, ఒక్క టికెట్టు అమ్మకముందే యజమాని గట్టున పడ్డాడు.

ఇంకొకటి చూడండి. వాషింగ్టన్ టీమును 1999లో డాన్ స్నైడర్ 80 కోట్ల డాలర్లకి కొన్నాడు. 2023లో 605 కోట్లకి అమ్మాడు. ఆ మధ్యకాలంలో టీము ఆడిన ఆట ఎంత నాసిరకమో అక్కడి అభిమానులనే అడగండి. ఆ 525 కోట్ల లాభంలో ఆటగాడికి ఒక్క సెంటు రాదు. జీతానికి పైకప్పు ఉంది. ఆస్తికి లేదు. ఇంత చిన్న విషయం ఆ చర్చల్లో ఎందుకు రాదు?

ఇప్పుడు చరిత్రలోకి. ఈ కప్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1987లో ఆటగాళ్ళు సమ్మె చేశారు. అడిగిందేమిటి? ఒప్పందం అయిపోయాక నచ్చిన టీముకి వెళ్ళే స్వేచ్ఛ. యజమానులు బయటి నుంచి ఎవరెవర్నో తెచ్చి మూడు వారాలు ఆటలు నడిపించారు. సమ్మె గీత దాటి లోపలికి వెళ్ళిపోయిన ఆటగాళ్ళలో ఆనాటి గొప్ప క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా కూడా ఉన్నాడు. సమ్మె విరిగింది. గీత దాటని టీము మాత్రం ఒకటుంది, వాషింగ్టన్. అక్కడ ఒక్కడు కూడా లొంగలేదు. అదే సీజన్ చివర, 1988 జనవరిలో, అదే టీము సూపర్ బౌల్ గెలిచింది. గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్.

సమ్మెతో రాని స్వేచ్ఛ కోర్టుతో వచ్చింది. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ కేసు ఆటగాళ్ళు గెలిచారు. 1993లో స్వేచ్ఛ దక్కింది. దానికి కట్టిన ధరే శాలరీ క్యాప్. "ఎక్కడికైనా వెళ్ళు, కానీ అందరం కలిసి మీకిచ్చే మొత్తం మాత్రం మించదు" అన్నారు. తలుపు తీసి పైకప్పు దించారన్నమాట.

డగ్ విలియమ్స్ దగ్గర ఇంకాసేపు ఆగాలి. ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ జీతం కథలో జాతి కథ ఉంది. ఆ స్థానం "బుర్ర ఉన్నవాడి" స్థానమని, నల్లవాళ్ళు కాళ్ళతో పరిగెత్తడానికే పనికొస్తారని దశాబ్దాల పాటు నమ్మించారు. 1968లో మార్లిన్ బ్రిస్కో డెన్వర్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి చూపించాడు. మరుసటి ఏడాదికల్లా ఆ స్థానం పోయింది, బఫెలోకి వెళ్ళి రిసీవర్ అయ్యాడు. వారెన్ మూన్‌ని 1978లో ఒక్క టీమూ ఎంచుకోలేదు. కెనడా వెళ్ళి ఐదు కప్పులు గెలిచాక గాని ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు తెరుచుకోలేదు. విలియమ్స్ టాంపా బేని ముందుకు నడిపించిన రోజుల్లో కూడా లీగులో అతి తక్కువ జీతం తీసుకునే క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడు. న్యాయమైన జీతం అడిగితే కుదరదన్నారు. వేరే లీగుకి వెళ్ళిపోయాడు. అప్పుడు ఎవరూ "క్వార్టర్‌బ్యాక్‌కి ఎక్కువిస్తే మిగతావాళ్ళకేం మిగులుతుంది" అని ఏడవలేదు. తక్కువ ఇచ్చి మిగిల్చింది రిసీవర్‌కీ పోలేదు, కాపలా కాసే లైన్‌మన్‌కీ పోలేదు. యజమాని జేబులోకి పోయింది.

2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో మొదటిసారి రెండు టీములకీ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే, మహోమ్స్, జేలెన్ హర్ట్స్. నెల తిరగకముందే లమార్ జాక్సన్ కథ నడిచింది. 2019లో అందరి ఓట్లతో లీగు ఉత్తమ ఆటగాడైనవాడు. ఒకప్పుడు ఒక పెద్దమనిషి "నువ్వు రిసీవర్‌గా మారిపో" అని సలహా ఇచ్చినవాడు కూడా ఇతనే. బాల్టిమోర్ అతన్ని బజారులో నిలబెట్టి, ఎవరైనా రెండు మొదటి రౌండ్ ఎంపికలు ఇచ్చి తీసుకోవచ్చంది. ఒక్క టీము కూడా అడగలేదు! చివరికి బాల్టిమోర్‌తోనే ఐదేళ్ళకి 26 కోట్లకి సంతకం పెట్టాడు. కానీ అందులో గ్యారంటీ 18.5 కోట్లే.

అసలు కీలకం ఈ గ్యారంటీలోనే ఉంది. 2022లో క్లీవ్‌లాండ్ టీము డెషాన్ వాట్సన్‌కి 23 కోట్లు, ప్రతి పైసా గ్యారంటీతో రాసిచ్చింది. పలువురు మహిళలు అతని మీద లైంగిక ఆరోపణలు చేసి కోర్టుకెక్కిన సమయమది. నైతికంగా ఆ ఒప్పందాన్ని నేను సమర్థించను. కానీ మిగతా యజమానులు ఉలిక్కిపడింది ఆ మహిళల కోసం కాదు. "పూర్తి గ్యారంటీ" అనే అంటువ్యాధి పాకుతుందేమోనని. ఆటగాళ్ళ సంఘం ఫిర్యాదు చేసింది. మధ్యవర్తి 2025 జనవరిలో తీర్పిచ్చాడు: గ్యారంటీలు తగ్గించమని లీగు యాజమాన్యం టీములను ప్రోత్సహించింది, అయితే టీములన్నీ కూడబలుక్కున్నాయని రుజువు కాలేదు. ఇంకా దారుణం వినండి. ఆ తీర్పును లీగుతో పాటు సంఘం నాయకత్వం కూడా దాచిపెట్టింది. జూన్‌లో ఒక జర్నలిస్టు బయటపెడితే గాని ఆటగాళ్ళకే తెలియలేదు. సంఘాలు నడిపే మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి.

బేస్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో ఒప్పందం అంటే దాదాపు పూర్తి గ్యారంటీ. ఒళ్ళు ఎక్కువగా విరిగే ఈ ఆటలో మాత్రం, గాయమైతే రేపు నిన్ను పంపించేయొచ్చు. ఎవరి గ్యారంటీ ముందు గెలవాలి? బేరమాడే బలమున్న క్వార్టర్‌బ్యాక్‌ది. అతను గెలిస్తేనే వెనకున్నవాడు అదే కాగితం చూపించి అడగగలడు. అందుకే యజమానులు ఆపాలనుకున్నది అతని 6 కోట్లని కాదు. అతని వెనక రాబోయే వరసని.

అయినా క్వార్టర్‌బ్యాక్‌కి నేను హారతి పట్టను. నిచ్చెన మీద పైమెట్టు దొరికినవాడు కింది మెట్టుని మర్చిపోవడం మనకి కొత్తా? 2020లో కొత్త ఒప్పందం మీద ఆటగాళ్ళు ఓటేస్తే 1,019 మంది అవునన్నారు, 959 మంది వద్దన్నారు. అరవై ఓట్ల తేడాతో ఒళ్ళు హూనమయ్యే పదిహేడో ఆటకి దారి తెరుచుకుంది, ఆదాయంలో వాటా సగానికి లోపే స్థిరపడింది. కనీస జీతం పెంపు ఎరగా చూపించారు. రెండు మూడేళ్ళ కెరీర్ ఉన్న కుర్రాడు ఆ ఎర కాదని సమ్మె చేయగలడా? చేయలేడు. అతన్ని తప్పుపట్టను. ఆ కుర్రాడి పక్కన నిలబడాల్సింది నాలుగేళ్ళు జీతం రాకపోయినా బతకగలిగిన స్టారే. 1987లో మోంటానా గీత దాటకుండా ఉంటే ఏమయ్యేదో తెలియదు. దాటడం వల్ల ఏమైందో తెలుసు.

నా మాట ఇది. అక్కడి ఆటగాళ్ళు అడగాల్సింది క్వార్టర్‌బ్యాక్ జీతానికి విడిగా ఇంకో కప్పు కాదు. ఆ కప్పు కింద మిగిలేది పైసా అయినా కింది మెట్టుకి చేరుతుందన్న హామీ ఏమీ లేదు. అడగాల్సినవి మూడు. 53 మందికీ పూర్తి గ్యారంటీ. క్యాప్ పెరిగిన నిష్పత్తిలోనే పెరిగే కనీస జీతం. 32 టీముల లెక్కలూ గ్రీన్ బే లాగా జనం ముందుకి రావడం. మూడోదే ముందు కావాలి. గాదె చూడకుండా కుండ గురించి బేరమాడితే ఓడిపోతాం.

విద్యార్థి మిత్రులకి ఒక్క మాట. మీరు రేపు ఏ యూనివర్సిటీలో ఫెలోషిప్ కోసం కూర్చున్నా, ఏ కంపెనీలో జీతం కోసం నిలబడినా, ఎవరో ఒకరు వచ్చి "ఉన్నదింతే, నీ పక్కవాడు ఎక్కువ తీసుకున్నాడు" అంటారు. పక్కవాడి వైపు తిరగకముందు ఆ మాట అన్నవాడిని లెక్కల పుస్తకం అడగండి.