పాత బండికి పక్కా కాగితం

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు మనవాళ్ళు. పాత రేసు కార్ల వేలంపాటల్లో ఈ సామెత తిరగబడింది. 2018 ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. 2022 మే నెలలో 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకు పోయింది. అలాంటి కూపేలు రెండే తయారయ్యాయి మరి!

అరుదైనది అంటే చాలదు, రుజువు కావాలి. ఇక్కడ బామ్నిలో బొగ్గు లారీకి లోను ఇవ్వాలన్నా ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో సరిచూస్తాం. వేలంలో కొనేవాళ్ళు చేసేదీ అదే. ఆ ఫెరారీకి 1964లో బాడీ మార్చారు. అయినా ధర తగ్గలేదు. ఇంజను, గేరుబాక్సు మొదటివే. బాడీ ఎవరు, ఎప్పుడు మార్చారో లెక్క ఉంది.

ఇంజనే మారిపోతే? ఈ తగాదా లండన్ హైకోర్టు దాకా వెళ్ళింది. 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ కారు 1929, 1930లలో ఫ్రాన్సులో లెమాన్స్ 24 గంటల పందెం గెలిచింది. 1932లో ప్రమాదానికి గురై, తరవాత మళ్ళీ కట్టబడింది. 1990లో కోటి పౌండ్లకు బేరం కుదిరింది. తీరా డబ్బిచ్చే వేళకు కొనేవారు ఇది అసలు బండే కాదన్నారు. 1929 నాటి సామాను దానిలో మిగిలింది బహు స్వల్పమని జడ్జి ఒప్పుకున్నారు. కానీ మార్పులన్నీ ఒకే బండికి, ఒకదాని తరవాత ఒకటిగా జరిగాయి గనుక, దాని చరిత్ర ఎక్కడా తెగలేదు గనుక, అదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పిచ్చారు. డబ్బు కట్టక తప్పలేదు.

మన భాషలో చెప్పాలంటే లింకు డాక్యుమెంట్ల వ్యవహారమే ఇది. ఇంటికి రంగు మార్చినా, పైకప్పు మార్చినా హక్కు పోదు. నడుమ ఒక్క దస్తావేజు పోతే చిక్కు.

ఇది కోటీశ్వరుల గొడవ, మనకెందుకు అనకండి. 2021లో మన కేంద్ర ప్రభుత్వం కూడా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని కార్లకు, మోటారు సైకిళ్ళకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు.

కాబట్టి తాతగారి ఫియట్టో, జావా మోటారు సైకిలో పెరట్లో ఉంటే, ముందు తళతళలాడే రంగు వేయించకండి. ఆర్.సి. పుస్తకం, కొన్న రసీదు, ఇన్సూరెన్సు, మెకానిక్ బిల్లులు, పాత ఫోటోలు ఒక ఫైల్లో పెట్టండి. మార్చిన సామాను పారేయకుండా దాచండి. పక్కనే బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు పెట్టుకుని, కాగితం విలువ మనకు ఒకరు చెప్పాలా?