ఉద్యోగమనగా నేమి?

'ఉద్యోగము పురుషలక్షణము' అను సూక్తిని వినని తెలుగువారు అరుదు. కాని అందలి ఉద్యోగమను పదమునకు నేటివారు చెప్పుకొను అర్థము వేఱు, పెద్దల అర్థము వేఱు. నెలనెలకు జీతము చేతికి వచ్చు కొలువే ఉద్యోగమని నేటి వాడుక. సంస్కృతమున ఆ పదమునకు పూనిక, ప్రయత్నము అని అర్థము. భారతమున పాండవులు కొలువులో చేరినది విరాటపర్వమున. ఉద్యోగపర్వమున వారు ఆ కొలువు చాలించి, తమ రాజ్యము కొఱకు తామే ప్రయత్నమునకు పూనుకొనిరి. కావున తానై యొక కార్యమునకు పూనుకొనువాడే అసలైన ఉద్యోగి. వానలను నమ్ముకొనుటకు వీలులేని కర్నూలు, కడప సీమలలో పెరుగు బాలబాలికలకు ఈ భేదము తెలియుట మిక్కిలి అవసరము.

ఒకడు పరుల కొలువును కోరక, సొంతముగా పరిశ్రమనో వర్తకమునో స్థాపించుటకు ఏది ప్రేరణ? ధనాశయే యని కొందఱందురు. అది వంశమున రావలసిన గుణమని మఱికొందఱందురు. లేమియే మనుష్యుని తొందరపెట్టునని ఇంకను కొందఱి వాదము. ఈ మూడింటిలోను కొంత సత్యము కలదు; కాని ఏ యొక్కటియు పూర్తి సత్యము కాదు.

మొదట లేమి సంగతి చూతము. ఈ సీమలో ఏడాదికి కురియు వాన సగటున 600 మొదలు 700 మిల్లీమీటర్ల వఱకే. అదియు వేళకు కురియదు. 1876–78 నాటి ధాత కఱవు గ్రామములకు గ్రామములనే పాడుపెట్టెను. నేటికిని ఆదోని, కోసిగి ప్రాంతముల నుండి పేద కుటుంబములు మిరప కోతకును, పత్తి తీతకును గుంటూరు వైపు వలసపోవుచున్నవి. లేమియే చాలునన్నచో ఈ సీమలో ఇంటికొక పరిశ్రమ వెలసియుండవలెను. అట్లు జరుగలేదు. కఱవు మనుష్యుని ఇల్లు కదలించును గాని దారి చూపదు.

దారి చూపునది మఱియొకటి కలదు. అది పనికిరాదని లోకము త్రోసివేసిన దానిలో పనికివచ్చు గుణమును కనిపెట్టు దృష్టి. నేటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పరిసరములలో నాగలికి అడ్డువచ్చు బండ రైతునకు శత్రువు. ఆ బండ యుగముల క్రిందట సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొనిన సున్నపురాయి. ఆ పొరల వెంబడి ఉలి దింపి సమ్మెటతో కొట్టినచో పలకలు పలకలుగా విడివడును. ఈ గుణమును గుర్తించినవారు దానిని తవ్వించి, కోయించి, నునుపు పెట్టించి దూరదేశములకు పంపిరి. కడప బండయను పేర అది ఎన్నియో ఊళ్లలో ఇండ్ల నేలలకును, వంటింటి అరుగులకును పరువబడినది. పైరు పండని రాయియే పలువురికి కూడు పెట్టినది.

ఇక ధనాశ మాట. కర్నూలు జిల్లాలోని ఎమ్మిగనూరు నేతకు పేరుపొందిన పట్టణము. 1953 వఱకు అది బళ్లారి జిల్లాలో నుండెను. పేద నేతగాని బ్రతుకు ఎట్టిదో ఆలోచింపుడు. నూలు షావుకారు ఇయ్యవలెను. నేసిన బట్టను ఆ షావుకారుకే అప్పగింపవలెను. అతడు చెప్పినదే కూలి. పెండ్లికో రోగమునకో అప్పు చేసినచో ఇక మగ్గము తనదైనను పని తనది కాదు. ఇట్టి స్థితి తొలగవలెనని 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించిరి. నూలు సమకూర్చుట, నేసిన బట్టను తీసికొని కూలి యిచ్చుట, దానిని దేశమంతట అమ్ముట సంఘము చేపట్టిన పని. ఒంటరి నేతగాడు బేరమాడలేడు. వందల మగ్గములు ఒక్కటైనచో బేరమాడగలవు. లాభమే పరమార్థమైనచో ఆయన మగ్గములు పెట్టించి కూలికి నేయించుకొనవచ్చును గదా! లాభమును సభ్యులందఱికి పంచు సంఘముతో ఆయనకేమి పని? పద్మశ్రీ బిరుదము ఆయనను వెదకికొని వచ్చుటకు ఇట్టి సేవయే కారణము. మరమగ్గముల పోటీచే చేనేత నేడు కష్టదశలో నున్నమాట నిజమే. కాని అది ఆ పూనిక విలువను తగ్గింపదు.

వంశమున రావలెనను వాదమునకు కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డిగారి జీవితమే సమాధానము. వారి కుటుంబము మద్రాసు నుండి విదేశములకు ఉల్లిని ఎగుమతి చేయుచుండెను. రెండవ ప్రపంచయుద్ధము ఆ వర్తకమును దెబ్బతీసెను. ఆయన కొలువు వెదకికొనలేదు. అచ్చుపని నేర్చి ముద్రణాలయమును నడపెను. మిత్రుడు చక్రపాణిగారితో కలసి 1947 జూలైలో 'చందమామ'ను వెలువరించెను. పిమ్మట విజయా సంస్థ పక్షమున 'పాతాళభైరవి' (1951), 'మాయాబజారు' (1957) వంటి చిత్రములను నిర్మించెను. ఉల్లి వర్తకుల ఇంట పుట్టినవాడు పిల్లల కథల పత్రిక నడపుట ఏ వంశవిద్య?

అట్లయిన ఈ పూనిక కొందఱికి పుట్టుకతో వచ్చునా, లేక నేర్చుకొన వీలగునా? అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెల్లాండ్ ఈ ప్రశ్ననే పరిశీలించెను. ఆయన ఒక మేకు పాతి, దానిపై వలయములు విసరుడని చెప్పి, ఎంత దూరమున నిలువవలెనో ఆడువారి యిష్టమునకే విడిచెను. కొందఱు తప్పు పోకుండ దగ్గఱ నిలిచిరి. కొందఱు అదృష్టమును నమ్మి మిక్కిలి దూరమున నిలిచిరి. కార్యసాధనాభిలాష గలవారు మాత్రము నేర్పుతో గెలువదగిన నడిమి దూరమున నిలిచిరి. పనిని నిన్నటికంటె నేడు బాగుగ చేయవలెనను ఆ అభిలాషయే పరిశ్రమస్థాపకుల ప్రేరణయనియు, ధనము వారికి గెలుపును కొలుచు కొలబద్ద మాత్రమేయనియు ఆయన సిద్ధాంతము. 1964లో కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణసంస్థలో ఈ అభిలాషను పెంచు శిక్షణ నిచ్చిరి. శిక్షణ పొందినవారు తరువాత పొందనివారికంటె ఎక్కువ చొరవ చూపిరి. ఆచారములును కట్టుబొట్టులును దానికి అడ్డు రాలేదు. కావున పూనిక ఏ కులపు సొత్తును కాదు. అభ్యాసముచే అలవడు గుణము.

ఐనను సాహసమొక్కటే చాలునని చెప్పుట మోసము. మూలధనము లేని పేదవాడు ఒక్కమాఱు నష్టపోయినచో మఱల లేవలేడు. అట్టివారికి సహకార సంఘములును, ప్రభుత్వమును, బ్యాంకులును అండగా నిలువవలెను. పరిశ్రమ పెట్టినవానికిని ధర్మము కలదు. రాతిపొడి శ్రామికుని ఊపిరితిత్తులను తినివేయును. కోతయంత్రముపై నీరు చల్లించి, ముఖమునకు రక్షణ కల్పింపని యజమాని ఎంత గడించినను గొప్పవాడు కాడు.

జీతపు కొలువు తక్కువదని ఇందుకు అర్థము కాదు. వైద్యులును ఉపాధ్యాయులును లేక ఏ దేశమును నిలువదు. కాని చదివిన ప్రతివాడును కొలువు కొఱకే ఎదురుచూచుచు కూర్చున్నచో, ఆ కొలువులను కల్పించువారెవరు? వాన తక్కువైన సీమకు మనుష్యుల చొరవయే రెండవ వాన. తన ఊరిలో ఏది వ్యర్థముగ పడియున్నదో, ఏ పనివాని శ్రమకు తగిన వెల దొరకుట లేదో విద్యార్థి నేటి నుండియే గమనింపవలెను. ఉద్యోగము అచ్చటనే ఆరంభమగును.