మైదానం కూడా మన హక్కే

2022 అక్టోబరులో పదిహేడేళ్లలోపు ఆడపిల్లల ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు మన దేశంలో జరిగాయి. భువనేశ్వర్, మార్గావ్, నవీ ముంబయిలలో 16 దేశాల జట్లు ఆడాయి. ఫైనల్లో స్పెయిన్ 1-0తో కొలంబియాను ఓడించింది. ఆతిథ్య దేశం కాబట్టి చోటు దొరికిన మన జట్టు అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0 తేడాతో ఓడిపోయింది. ఒక్క గోలూ చేయలేదు. చాలామందికి గుర్తున్నది ఈ లెక్క ఒక్కటే. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఎందుకని అడిగేవాళ్లకు అదొక సాకుగా కూడా దొరికింది.

ఈ ఓటమికి సిగ్గుపడవలసింది ఆ పిల్లలు కాదు. మగపిల్లలకు ఇలాంటి ప్రపంచ పోటీలు 1985లో మొదలైతే, ఆడపిల్లలకు మొదలైంది 2008లో. 2025లో మగపిల్లల పోటీలో 48 జట్లు ఆడాయి, ఆడపిల్లల పోటీలో 24. స్త్రీల ఆట ఎవరూ చూడరన్నది పాత అబద్ధం. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో స్త్రీల మ్యాచ్ చూడటానికి యాభై వేలమందికి పైగా వచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాలు స్త్రీలకు ఇవ్వకూడదని నిషేధించింది. ఆ నిషేధం యాభై ఏళ్లు నడిచింది. ముందు మైదానం లాక్కుని, తర్వాత ఆట రాదనడం పితృస్వామ్యానికి కొత్త కాదు.

మన జట్టు కెప్టెన్ అష్టమ్ ఉరావ్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఆమెకు పేరొచ్చాక అధికారులు ఆ ఊరికి రోడ్డు వేయడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే రోజు కూలీకి పనిచేశారని అప్పట్లో పత్రికలు రాశాయి. కూతురు దేశం తరఫున ఆడితే తప్ప ఊరికి రోడ్డు రాలేదు. రోడ్డు వచ్చినా ఆ ఇంటికి దక్కింది కూలి డబ్బులే. ఆడపిల్లల ఆటను ఈ దేశంలో ఏ ఇళ్లు మోస్తున్నాయో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం మరో సంగతి. పోటీలకు కొద్ది నెలల ముందు ఈ జట్టు సాధన కోసం యూరప్ వెళ్లింది. అక్కడ లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలపై సహాయ శిక్షకుడిని వెనక్కి పిలిపించి, తర్వాత పదవి నుంచి తొలగించారు. తొలగించడం సరైనదే. కానీ మన ప్రశ్న ఒక మనిషితో తీరేది కాదు. జట్టులో చోటు, ఆటలో భవిష్యత్తు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లమీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే, ఇంటికి దూరంగా ఉన్న పదహారేళ్ల పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అదే ఏడాది ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. పోటీలు చేజారతాయన్న భయంతో కేంద్రం, న్యాయస్థానం, సమాఖ్య అందరూ కదిలారు. ఆ నెలలోనే సస్పెన్షన్ తొలగింది. తలుచుకుంటే ఎంత వేగంగా పనులవుతాయో అప్పుడు చూశాం. పిల్లల భద్రత విషయంలో ఆ వేగం ఏమైంది? 2023లో మహిళా రెజ్లర్లు జంతర్ మంతర్ దగ్గర రోడ్డుమీద కూర్చోవలసి వచ్చింది. ఆ తర్వాతే జాతీయ మానవ హక్కుల సంఘం అంతర్గత ఫిర్యాదుల కమిటీలు లేని క్రీడా సమాఖ్యలకు నోటీసులిచ్చింది. చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు.

2013 చట్టం పని స్థలం అన్న మాటలో స్టేడియాన్ని, క్రీడా శిక్షణ సంస్థను, పోటీలు జరిగే చోటును కూడా చేర్చింది. ఫిర్యాదు చేసే స్త్రీ ఉద్యోగి కానక్కర్లేదు, వయసు అడ్డు కాదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. చెప్పకపోవడం కూడా నేరమే. పరువు పోతుందని కప్పిపుచ్చే అధికారికీ ఇది వర్తిస్తుంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఊళ్లలో జరిగేది ఒకటే. తండ్రి కూతురి బూట్లు అటకెక్కిస్తాడు. తప్పు చేసినవాడు మరో మైదానానికి పోతాడు, శిక్ష పిల్లకు పడుతుంది. జాగ్రత్త పేరుతో ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం భద్రత కాదు. భద్రత కల్పించే బాధ్యత ఆట నడిపేవాళ్లది.

అందుకే సంఘాలలో పనిచేసే మిత్రులను కోరుతున్నాం. మీ జిల్లా క్రీడా కార్యాలయానికి, గురుకులాలకు, క్రీడా హాస్టళ్లకు వెళ్లండి. ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు, వాళ్ల పేర్లు పిల్లలకు కనిపించేలా గోడమీద రాశారా అని అడగండి. జట్టు బయటి ఊరు వెళ్తే వెంట మహిళా శిక్షకురాలు వెళ్తోందా, ఆడపిల్లలకు మైదానంలో రోజుకు ఎంత సమయం ఇస్తున్నారు అని రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. 1098 నంబరు ప్రతి పిల్లకూ తెలిసేలా చూడండి.

పిల్లలు మాత్రం ఆగలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశం జట్టులో ఆడుతోంది. 2025 అక్టోబరులో మన పదిహేడేళ్లలోపు అమ్మాయిలు బిష్కెక్‌లో అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్పుకు చేరారు. ఈసారి చోటు ఎవరూ ఇవ్వలేదు, ఆడి తెచ్చుకున్నారు. భయం లేకుండా ఆడుకునే మైదానం వాళ్లకు ఇప్పించడం మన పని.