విశాఖ కరెంటు బిల్లు సైటు పేరు ఎవరి చేతిలో ఉంది? ఇంటర్నెట్ పేర్ల పెత్తనంపై దేశాల పేచీ ఏమిటి?

విశాఖపట్నంలో నగరపాలక సంస్థ సేవలు కావాలంటే జీవీఎంసీ డాట్ జీవోవీ డాట్ ఇన్ తెరవాలి. కరెంటు బిల్లు కట్టాలంటే ఏపీఈస్టర్న్‌పవర్ డాట్ కామ్. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగ ప్రకటనలు, టెండర్లు చూడాలంటే వైజాగ్‌స్టీల్ డాట్ కామ్.

మూడూ ప్రభుత్వ సంస్థలే. కానీ పేరు చివర ఉన్న ముక్క వేరు. ఆ ముక్కను బట్టే ఆ పేరు ఏ దేశ చట్టం కిందికి వస్తుందో తేలుతుంది. మొదటి పేరుపై చివరి మాట దిల్లీది. మిగతా రెండింటి రిజిస్టరు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, వెరిసైన్ అనే ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంది.

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ ఒక్క దేశం చెప్పుచేతల్లో ఉండాలా, ఐక్యరాజ్యసమితికి అప్పగించాలా అన్న చర్చ ఇరవై ఏళ్లుగా సాగుతోంది. మన బిల్లుకూ ఆ చర్చకూ సంబంధం ఏమిటి?

పేరు నుంచి నంబరుకు

కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది నంబర్లతో. మనం టైప్ చేసేది పేర్లు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టేదే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్ఎస్.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎంక్వైరీ కౌంటర్‌ను గుర్తుచేసుకోండి. అక్కడ మీ చుట్టాల ఇంటి నంబరు చెప్పరు. ఏ ప్లాట్‌ఫామ్‌కు వెళ్లాలో మాత్రం చెబుతారు. డీఎన్ఎస్‌లో ఆ కౌంటర్ పేరు ‘రూట్’. ‘డాట్ కామ్ కావాలా, అటు వెళ్లండి. డాట్ ఇన్ కావాలా, ఇటు వెళ్లండి’ అని చెప్పడమే దాని పని. ఆ తర్వాత డాట్ కామ్ రిజిస్టరు మిమ్మల్ని విద్యుత్ సంస్థ సర్వర్ వైపు పంపుతుంది.

రూట్ జాబితాలో డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి చివరి ముక్కలు 1,400కు పైగా ఉన్నాయి. దాన్ని అందించే రూట్ సర్వర్లకు 13 పేర్లున్నాయి. వాటిని 12 సంస్థలు నడుపుతున్నాయి. వాటి నకళ్లు భారత్‌తో సహా ప్రపంచమంతటా వందల చోట్ల పనిచేస్తున్నాయి.

ఈ వెతుకులాట తప్పితే ఏమవుతుందో 2025 అక్టోబరు 20న కనిపించింది. వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్ కేంద్రంలో ఒక ముఖ్యమైన సేవకు డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. అనేక దేశాల్లో యాప్‌లు గంటల తరబడి నిలిచిపోయాయి. సర్వర్లు ఉన్నాయి, కరెంటు ఉంది, పేరుకు నంబరు మాత్రం దొరకలేదు.

అమెరికా చేతికి ఎలా వెళ్లింది?

ఇంటర్నెట్ అమెరికా ప్రభుత్వ నిధులతో పుట్టింది కాబట్టి పేర్ల జాబితా కూడా అక్కడే మొదలైంది. 1998లో కాలిఫోర్నియాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. అమెరికా వాణిజ్య శాఖతో ఒప్పందం చేసుకుని అది ఈ జాబితాను నిర్వహించింది. రూట్‌లో ఏ చిన్న మార్పుకైనా ఆ శాఖ ఆమోదం తప్పనిసరిగా ఉండేది.

మిగతా దేశాలకు ఇది నచ్చలేదు. 2003లో జెనీవాలో, 2005లో ట్యూనిస్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి శిఖరాగ్ర సదస్సుల్లో చాలా దేశాలు అభ్యంతరం చెప్పాయి. చివరకు రాజీగా ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం అనే వేదిక పుట్టింది. మాట్లాడుకోవచ్చు, ఆదేశాలు ఇవ్వడానికి లేదు. దాని మూడో సమావేశం 2008 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది.

భారత్ వైఖరి కూడా మారుతూ వచ్చింది. 2011 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 50 దేశాల కమిటీ ఒకటి వేయాలని భారత్ ప్రతిపాదించింది. అంటే పగ్గాలు ప్రభుత్వాల చేతికి రావాలన్నమాట. 2015 జూన్‌కు వచ్చేసరికి ప్రభుత్వాలతో పాటు కంపెనీలు, నిపుణులు, పౌర సంఘాలు కలిసి నిర్ణయించే పద్ధతికి మద్దతు పలికింది.

ఈలోపు, 2013లో అమెరికా నిఘా వ్యవహారాలను ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టారు. ఒత్తిడి పెరిగింది. తప్పుకుంటామని అమెరికా 2014 మార్చిలో ప్రకటించింది. 2016 అక్టోబరు 1 నుంచి ఆ ఒప్పందం లేదు. ఆ మార్పు తర్వాత ఐకాన్ తొలి సమావేశానికి వేదిక మళ్లీ హైదరాబాదే. 2016 నవంబరు 3 నుంచి 9 వరకు హెచ్ఐసీసీలో జరిగింది.

అయితే అమెరికా పూర్తిగా తప్పుకుందా?

రూట్ వరకు తప్పుకుంది. కానీ ఐకాన్ ఇప్పటికీ కాలిఫోర్నియా చట్టం కింద నమోదైన సంస్థే. 2020లో డాట్ ఓఆర్‌జీ రిజిస్టరును ఒక పెట్టుబడి సంస్థకు అమ్మాలని చూసినప్పుడు, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ వద్దంటూ లేఖ రాశారు. కొద్ది రోజులకే ఐకాన్ ఆ అమ్మకానికి అనుమతి నిరాకరించింది.

డాట్ కామ్ విషయంలో పట్టు ఇంకా గట్టిది. వెరిసైన్‌కు ఐకాన్‌తో ఒప్పందం ఉంది. దానికి తోడు అమెరికా వాణిజ్య శాఖతో విడిగా మరో ఒప్పందం ఉంది. డాట్ కామ్ పేర్ల ధర ఎంత పెంచవచ్చో తేల్చేది అదే.

2012లో బోడాగ్ డాట్ కామ్ అనే జూదం సైటు కేసు దీనికి ఉదాహరణ. ఆ పేరు కొన్నది కెనడా కంపెనీ దగ్గర. అయినా అమెరికా అధికారులు కోర్టు ఉత్తర్వుతో నేరుగా వెరిసైన్ ద్వారా పేరును స్వాధీనం చేసుకున్నారు. పేరు ఎక్కడ కొన్నారన్నది లెక్కలోకి రాలేదు, రిజిస్టరు ఎక్కడుందన్నదే లెక్కకొచ్చింది.

మరోవైపు, రూట్‌ను ఆయుధంగా వాడే ప్రయత్నాలు ఇప్పటివరకు ఫలించలేదు. రష్యా డొమైన్ డాట్ ఆర్‌యూను తొలగించాలని 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ కోరితే ఐకాన్ ఒప్పుకోలేదు. నష్టపరిహారం కింద ఇరాన్ డొమైన్‌ను తమకు ఇప్పించాలని బాధితులు వేసిన కేసులో 2016లో అమెరికా అప్పీలు కోర్టు కూడా కుదరదంది.

ప్రభుత్వాలకు అప్పగిస్తే సరిపోతుందా?

పెత్తనం దేశాలదే కావాలనే వారి వాదనలో న్యాయం ఉంది. కోట్ల మంది వాడే సేవ పరాయి దేశపు కోర్టు మీద ఆధారపడటం ఎవరికీ ఇష్టం ఉండదు.

కానీ రెండో వైపు కూడా చూడాలి. 2019లో రష్యా తెచ్చిన చట్టం దేశానికి సొంత పేర్ల వ్యవస్థ కావాలంది. సొంత జాబితా చేతిలో ఉంటే నచ్చని పేరును అందులోంచి తీసేయడం తేలిక. మన దేశంలోనూ ఐటీ చట్టం సెక్షన్ 69ఎ కింద కేంద్రం సైట్లను నిలిపేయగలదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆ ఉత్తర్వు వచ్చింది కాలిఫోర్నియా నుంచి కాదు.

‘సొంతం’ అన్న మాట కూడా అంత సులువైనది కాదు. డాట్ ఇన్‌ను 2005 నుంచి నిక్సీ అనే భారత సంస్థ చూస్తోంది. దాని సాంకేతిక నిర్వహణ మాత్రం ముందు అఫిలియాస్, ఆ తర్వాత న్యూస్టార్, ఇటీవల కెనడాకు చెందిన టుకోస్ కంపెనీల చేతుల మీదుగా సాగింది. అయితే ఇక్కడ తేడా ఉంది. నిర్వాహకుడిని మార్చే అధికారం మన దగ్గరే ఉంది. డాట్ కామ్ విషయంలో మనకు ఆ అవకాశం లేదు.

విశాఖకు కేబుల్ వస్తే పెత్తనం వస్తుందా?

విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని, సముద్రగర్భ కేబుళ్లు ఇక్కడి తీరానికి తెస్తామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. కేబుల్ వస్తే వేగం పెరుగుతుంది, ముంబయి, చెన్నైల మీద ఆధారపడటం తగ్గుతుంది. కానీ పేర్ల రిజిస్టరుకు దానితో సంబంధం లేదు.

యంత్రాలు మన నేల మీద ఉన్నంత మాత్రాన సరిపోదని 2025 జులైలో నయారా ఎనర్జీకి తెలిసొచ్చింది. గుజరాత్‌లోని ఆ చమురు సంస్థపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టగానే మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. సంస్థ దిల్లీ హైకోర్టుకు వెళ్లాక అవి తిరిగి వచ్చాయి. అది డీఎన్ఎస్ వివాదం కాదు. కానీ సేవ ఇచ్చేవాడు ఏ దేశ చట్టానికి లోబడి ఉన్నాడన్న ప్రశ్న మాత్రం అదే.

మన దగ్గర మారుతున్నదేమిటి?

ఐక్యరాజ్యసమితి తీర్మానం కోసం ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. ప్రజా సేవల పేర్లను దేశీయ రిజిస్టరులోకి తేవడం. బ్యాంకులు ఆ దారి పట్టాయి. బ్యాంకుల సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక సంస్థ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కాని వాళ్లకు ఆ పేరు దొరకదు.

విశాఖ పోర్టు కూడా ఒకప్పుడు వైజాగ్‌పోర్ట్ డాట్ కామ్‌లో ఉండేది. ఇప్పుడు కేంద్ర నౌకాయాన శాఖ డొమైన్ షిప్పింగ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ కిందికి వచ్చింది. విద్యుత్ సంస్థల్లో తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్‌పీడీసీఎల్ డాట్ ఇన్ వాడుతోంది. బెంగళూరు బెస్కామ్ కర్ణాటక ప్రభుత్వ డొమైన్ కింద ఉంది.

శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా బిల్లులు వసూలు చేసే ఈపీడీసీఎల్ మాత్రం డాట్ కామ్‌లోనే ఉంది. స్టీల్‌ప్లాంట్ కూడా అంతే. 2005కు ముందు డాట్ ఇన్ పేర్లపై ఆంక్షలు ఎక్కువ కాబట్టి చాలా సంస్థలు డాట్ కామ్‌కే వెళ్లాయి. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

వినియోగదారుడికి లాభం ఏమిటి?

విశాఖ విద్యుత్ సంస్థ పేరును అమెరికా లాక్కుంటుందని ఎవరూ భయపడటం లేదు. అంతకంటే దగ్గరి ప్రమాదం మోసం. ‘ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం, వెంటనే కట్టండి’ అనే మెసేజ్‌లు, దొంగ ఉద్యోగ ప్రకటనలు తెలిసినవే. డాట్ కామ్‌లో ఒక అక్షరం మార్చో, మధ్యలో గీత పెట్టో అలాంటి పేరునే ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ జీవోవీ డాట్ ఇన్ అలా దొరకదు. ప్రభుత్వ సంస్థ అని తేలితేనే ఇస్తారు.

లింకు వచ్చినప్పుడు పేరును కుడి నుంచి ఎడమకు చదవండి. మొదటి ఒంటి గీతకు, అంటే స్లాష్‌కు ముందున్న చివరి ముక్కలే అసలు చిరునామా. ఎడమవైపు ‘ఏపీ’, ‘పవర్’, ‘గవర్నమెంట్’ అని ఏం రాసినా లెక్కలేదు. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

చిరునామా మార్చడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. పాత లింకులు, బిల్లుల మీద ముద్రించిన చిరునామాలు, చెల్లింపు యాప్‌ల అనుసంధానాలు అన్నీ మారాలి. కొంతకాలం రెండు పేర్లూ నడపాలి. పాత పేరును వదిలేస్తే దాన్ని మోసగాళ్లు కొనే ప్రమాదం ఉంది కాబట్టి, ఏళ్ల తరబడి రుసుము కట్టి దాన్ని దగ్గరే ఉంచుకోవాలి.

రూట్ ఎవరిదన్న పేచీ న్యూయార్క్‌లోనూ జెనీవాలోనూ ఇంకా చాలాకాలం నడుస్తుంది. కరెంటు బిల్లు సైటు పేరు మార్చాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం విశాఖలోని ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయంలో, అమరావతిలోని ఇంధన శాఖలో తీసుకోవచ్చు. దానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు.