కాల్చేవాడికే కనబడే చుక్క

మన సినిమాల్లో విలన్ మనుషులు ఏ మేడ మీదో పొంచి ఉంటారు. హీరో చొక్కా మీద ఎర్రటి చుక్క ఒకటి పాకుతూ పాకుతూ వచ్చి సరిగ్గా గుండె దగ్గర ఆగుతుంది. అది హీరో కన్నా ముందు హీరోయిన్ చూస్తుంది. ఓ కేక పెడుతుంది. ఆయన పక్కకి దూకేస్తాడు. తుపాకుల గురించి అమలాపురంలో ఉండే మా వదినకి తెలిసిందంతా ఈ సినిమాల చలవే. అందుకే మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్న, డల్లాస్‌లో ఉన్న వాళ్ల అబ్బాయి వీడియో కాల్‌లో "బాబాయ్, నీకో వస్తువు చూపిస్తాను" అంటూ చిన్న పిస్తోలు తీసి, "కొత్తగా రెడ్ డాట్ పెట్టించాను" అనగానే, ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి "ఆ చుక్క ఇటు పెట్టకురా నాయనా" అంది.

గుళ్లు తీసేశావా అని అడిగాను. తీసి చూపించాడు. ఆ తర్వాతే మిగతా మాటలు.

వదిన భయపడిన చుక్క ఇటు రాదు. అసలు ఎటూ రాదు. సినిమాలో చొక్కా మీద పాకేది లేజర్. అది తుపాకి నుంచి బయల్దేరి ఎదుటి మనిషి మీద పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. రెడ్ డాట్ అలా కాదు. పిస్తోలు మీద, వెనక వైపున, అగ్గిపెట్టె కన్నా చిన్న చట్రం. దానికో గాజు పలక. కాల్చేవాడు అందులోంచి చూస్తే గాజు అవతల, లక్ష్యం మీద, ఎర్రటి చుక్క అతికించినట్టు కనబడుతుంది. ఎదురుగా నిలబడ్డవాడి మీద ఏమీ పడదు. చుక్క ఉన్నది చూసేవాడి కంట్లో మాత్రమే.

అదెలా సాధ్యం అంటారా? రాత్రి పూట రాజమండ్రి నుంచి కొవ్వూరు వైపు రైలెక్కండి. వంతెన మీదకి రాగానే కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తే, పెట్టెలోని దీపం గోదావరి మీద గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. దీపం మీ వెనకే ఉంది, కానీ అద్దంలోంచి నది కూడా కనబడుతోంది కాబట్టి రెండూ కలిసిపోయాయి. రెడ్ డాట్ మూలసూత్రం ఇంతే. ఓ చిన్న ఎల్‌ఈడీ దీపం వెనక నుంచి గాజు మీదకి కాంతి వేస్తుంది. ఆ గాజుకి పూసిన పూత ఎరుపుని మాత్రం వెనక్కి తిప్పికొట్టి, మిగతా వెలుగుని దాదాపు అలాగే పోనిస్తుంది. 

అయితే ఒక తేడా ఉంది, అసలు కిటుకంతా అందులోనే. రైలు కిటికీ అద్దం చదునుగా ఉంటుంది, అందుకని దీపం అద్దానికి ఇటు ఎంత దూరంలో ఉందో అటూ అంతే దూరంలో కనబడుతుంది. పిస్తోలు మీద గాజుకి కొద్దిగా వంపు ఉంటుంది. ఆ వంపుకి సరిగ్గా నాభి దగ్గర దీపం పెడతారు. స్కూటర్ హెడ్‌లైట్ గిన్నెలో బల్బు పెట్టినట్టన్న మాట. దాంతో కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా వెనక్కి వస్తాయి, కంటికి ఆ చుక్క ఎక్కడో అనంత దూరంలో ఉన్నట్టు తోస్తుంది. బస్సులో వెళుతుంటే చెట్లూ స్తంభాలూ వెనక్కి పోతాయి గాని చందమామ మనతోనే వస్తాడు కదా, చాలా దూరంలో ఉన్నదాని లక్షణం అది. ఈ చుక్కా అంతే. తల కాస్త అటూ ఇటూ అయితే గాజు పలకలో చుక్క జరుగుతుంది గాని, లక్ష్యం మీద నుంచి దాదాపు కదలదు.

ఈ ఆలోచన తుపాకుల వాళ్లది కాదు, దుర్భిణీల వాళ్లది! మన హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు నడవడం మొదలైన 1900లోనే, డబ్లిన్‌లో హోవార్డ్ గ్రబ్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వృత్తి టెలిస్కోపులు చేయడం. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పెట్టిన 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ వాళ్ల తయారీయే. నక్షత్రాల కోసం అద్దాలు అరగదీసే చెయ్యి ఇటు తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి యుద్ధ విమానాల్లో పైలట్ ముందు ఈ గాజు పలకే ఉండేది. బ్యాటరీతో నడిచే రూపాన్ని 1975లో స్వీడన్‌కి చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ తెచ్చింది. వేటగాళ్ల తుపాకుల మీద మొదలై, సైనికుల రైఫిళ్ల మీదకెక్కి, చిక్కి చిక్కి చివరికి పిస్తోలు మీదకి చేరింది. 2015లో గ్లాక్ కంపెనీ ఫ్యాక్టరీలోనే దీనికి చోటు కోసి పిస్తోళ్లు అమ్మడం మొదలెట్టాక ఇది మామూలు జనంలోకి వచ్చేసింది.

ఇంతకీ ఎందుకంత మోజు? దానికి జవాబు చత్వారంలో ఉంది.

మామూలు పిస్తోలుకి వెనక ఓ గాడి, ముందు ఓ బుడిపె ఉంటాయి. గాడి మధ్యలో బుడిపె, బుడిపె చివర లక్ష్యం... మూడూ ఒక వరసలో రావాలి. వెనక గాడి కంటికి రెండడుగుల దూరం, బుడిపె దానికి నాలుగైదు అంగుళాలు అవతల, లక్ష్యం పది గజాలు. కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే బుడిపెని చూడు, లక్ష్యం మసకబారినా ఫర్వాలేదు అని నేర్పుతారు. నలభై దాటి, సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలిచే వయసొస్తే ఆ బుడిపె కనబడదు. చుక్క ఉంటే ఈ గొడవ లేదు. చుక్కా దూరంలోనే ఉన్నట్టు ఉంటుంది, లక్ష్యమూ దూరంలోనే ఉంది. దూరం చూసే కన్ను బాగుంటే చాలు. మావాడికి నలభై ఆరు. "కళ్లజోడు తియ్యక్కర్లేదు, పెట్టక్కర్లేదు బాబాయ్" అన్నాడు సంబరంగా.

ఇక్కడో చిన్న ముచ్చట. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అవన్నీ ఆ పాత పద్ధతి గాడిలోంచి చూసి కొట్టినవే. అంతర్జాతీయ పిస్తోలు పోటీల్లో చుక్కలూ లేజర్లూ నిషేధం. అంటే చుక్క లేకపోతే గురి కుదరదనేం లేదు. చుక్క ఉంటే గురి దానంతటదే కుదురుతుందనీ లేదు.

కొత్తవాళ్లందరూ చెప్పే కష్టం ఒకటే: చుక్క కనబడదు! నవ్వకండి. గాజు పలక వెడల్పు రెండు సెంటీమీటర్లకి అటూ ఇటూ. చొక్కా కింద నుంచి పిస్తోలు లాగి ఎత్తినప్పుడు మణికట్టు ఏ కాస్త పైకో కిందకో వంగినా చుక్క ఆ పలకలో నుంచి తప్పిపోతుంది. అప్పుడు మనిషి పిస్తోలుని అటూ ఇటూ తిప్పుతూ చుక్క కోసం వెతుక్కుంటాడు. చీకట్లో కరెంటు స్విచ్చి కోసం గోడ తడుముకున్నట్టు. అలవాటైన గాడీ బుడిపెతో ఒక్క క్షణంలో అయ్యే పని, మొదట్లో చుక్కతో రెండు క్షణాలు పడుతుంది. ఖాళీ పిస్తోలుతో ఇంట్లో వందల సార్లు ఎత్తి దించి సాధన చేస్తేగాని చెయ్యి తిన్నగా రాదట. మావాడు ఎన్నిసార్లు చేశాడని అడిగితే, "వీకెండ్స్‌లో చేస్తున్నా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

పైగా అది రోజంతా నడుముకి, చొక్కా కింద ఉండే వస్తువు. చెమట, నూలు పోగులు, దుమ్ము అన్నీ గాజు మీద చేరతాయి. కొన్ని రకాల్లో దీపం పైకి తెరిచి ఉంటుంది, ఒక వాన చినుకు దాని మీద పడ్డా చుక్క చెదిరిపోతుంది. ఇప్పుడు రెండు వైపులా గాజుతో మూసేసిన డబ్బా రకాలు వస్తున్నాయి. ఏసీ కారులోంచి ఉక్కలోకి దిగితే కళ్లజోడుకి ఆవిరి పట్టినట్టు దీనికీ పడుతుంది. చాలావాటిలో ఉండేది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ, కారు తాళం రిమోట్లలో వాడేదే. ఏళ్ల తరబడి వస్తుందని కంపెనీలు చెబుతాయి గాని, తెలిసినవాళ్లు ఏటా మార్చేస్తారు. కాలుస్తుంటే వచ్చే కుదుపుకి మరలు వదులైతే చుక్క ఒకచోట, గుండు ఒకచోట. అందుకే చుక్క ఉన్నా పాత గాడీ బుడిపె ఉంచుకోమంటారు. పొర కంటిలో వంకర, అదే ఆస్టిగ్మాటిజం, ఉన్నవాళ్లకి గుండ్రటి చుక్క కామాలాగో చితికిన దానిమ్మ గింజలాగో కనబడుతుంది. తప్పు గాజుదో కంటిదో తేల్చుకోవాలంటే ఫోనుతో చుక్కని ఫొటో తీయాలి. ఫొటోలో గుండ్రంగా వస్తే వెళ్లాల్సింది కంటి డాక్టరు దగ్గరికి.

ఇవన్నీ నేనూ మావాడూ ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నాం. వదిన మధ్యలో ఒకే ఒక్క మాట అడిగింది. "అవన్నీ సరే, రాత్రి పడుకునేటప్పుడు అది ఎక్కడ పెడతావు?"

మావాడికి ఆరేళ్ల కూతురుంది.

"మంచం పక్క సొరుగులో అమ్మా. పాపకి అందదు."

"నువ్వు ఆరేళ్లప్పుడు అటక మీద జంతికల డబ్బా దించావు" అంది.

చుక్క చూపించేది గుండు ఎక్కడికి పోతుందో మాత్రమే. పేల్చాలా వద్దా అన్నది చూపించదు. ఎవరి చేతిలో ఉందో చూడదు. అమెరికాలో 2023లో తుపాకుల వల్ల పోయిన ప్రాణాలు సుమారు 46,700. అందులో దాదాపు 27,300 ఆత్మహత్యలు. అంటే సగం పైన చావుల్లో గురితో పనే లేదు, ఏదో ఒక చెడ్డ రాత్రి తుపాకి చేతికందే దూరంలో ఉండటమే కారణం. 2024లో అక్కడ చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకరు, పుట్టినరోజు నాడే, తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని పేపర్లలో చదివాం. అమెరికాలో పిల్లలున్న మన ఇళ్లు ఎన్నో. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అడ్డంకి లేనివాళ్లు అనుమతి పత్రం లేకుండానే పిస్తోలు వెంట తీసుకెళ్లొచ్చు. కానీ అదే టెక్సస్‌లో, 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా నిర్లక్ష్యంగా తుపాకి వదిలేస్తే నేరం. మొదటి సంగతి మావాడికి తేదీతో సహా తెలుసు. రెండోది నేను చెబితే విన్నాడు.

ఇంకో సంగతి ఉంది, ఇది మన జిల్లాల నుంచి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులంతా వినాలి. మావాడికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరిపోయింది. చదువు వీసా మీదో, హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లకి తుపాకి గాని, గుళ్లు గాని దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్రం చట్టం ఉదారంగా ఉందని స్నేహితుడి మాట నమ్మి కొనేసినా, రేంజికి వెళ్లి సరదాకి పట్టుకున్నా, చిక్కు వస్తే పోయేది వీసా ఒక్కటే కాదు, జైలు కూడా. మావాడి బావమరిది హెచ్-1బీ మీద అదే ఇంట్లో ఉంటున్నాడు. "అతనికి ఆ సొరుగు తాళం ఇచ్చావా?" అన్నాను. సొరుగుకి తాళమే లేదట.

ఇక సంక్రాంతికి వస్తున్నానన్నాడు. రేంజికి పట్టుకెళ్లే సంచీ ఇండియాకి తేవద్దని గట్టిగా చెప్పాను. ఆ సంచీ మూలలో మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో బయటపడిందా, ఆయుధాల చట్టం కింద కేసు. తెలియకుండా ఉండిపోయిందని తేలి కోర్టులు కొట్టేసిన కేసులు ఉన్నాయి, కానీ అప్పటిదాకా తిరగాల్సింది మనమే కదా. పైగా వాడి పిస్తోలుది 9 ఎంఎం తూటా. మన దేశంలో లైసెన్సున్న మామూలు పౌరులకి కూడా అది నిషిద్ధం. ఇక్కడ లైసెన్సు రావాలంటే ప్రాణభయం ఉందని కలెక్టరునో కమిషనరునో ఒప్పించాలి, 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారులు రెండు తుపాకులకి మించి ఉంచుకోకూడదు, ఎన్నికలొస్తే వాటిని తీసుకెళ్లి స్టేషన్లో అప్పజెప్పాలి. "అదీ పద్ధతి" అంది వదిన, కలెక్టరు గారు తన పక్కనే కూర్చున్నట్టు.

వాడి భయం ఉత్తదని నేననను. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని అక్కడి దొంగలకి తెలిసిపోయిందంటాడు, రాత్రి పొద్దుపోయాక ఇంటికొస్తాడు. అంత దూరాన ఉన్న మనిషికి ఇక్కడి నుంచి ధైర్యం చెప్పడం తేలిక. కొనకుండా ఉండాల్సింది అని నా మనసులో ఉంది, అది వాడికి తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. చుక్క మాట లేదు. ఓ ఇనప పెట్టె చూపించాడు. నంబరు నొక్కితే తెరుచుకుంటుందట, మంచం కోడుకి ఇనప తాడుతో కట్టేశాడట, గుళ్లు వేరే గదిలో పెట్టాడట. 

వదిన కళ్లజోడు సవరించుకుని పెట్టెని పరీక్షగా చూసింది. "నంబరు ఏం పెట్టావు? పాప పుట్టినరోజేనా?"

అటు నుంచి జవాబు లేదు.

"దానికి ముందు తెలిసే నంబరే అది. ఫోన్ పెట్టేసి మార్చు. నాకు కూడా చెప్పకు" అంది.