హేమాహేమీలు ఉంటే పాత దొంగతనం కొత్తదవుతుందా?

మొన్న శుక్రవారం రాత్రి మా రూమ్మేట్ కీ నాకూ చిన్న సైజు యుద్ధం జరిగింది. కారణం ఒక సినిమా. 2001 లో వచ్చిన "ద స్కోర్". అది వచ్చినప్పుడు నేను ఇంకా పలక మీద అఆలు దిద్దుకుంటున్నా కాబట్టి ఇన్నాళ్ళకి కుదిరింది. మార్లన్ బ్రాండో, రాబర్ట్ డీ నీరో, ఎడ్వర్డ్ నార్టన్ ముగ్గురూ ఒకే సినిమాలో అంటే ఇంకేం కావాలి అనుకుని, బిర్యానీ పొట్లాలు విప్పుకుని కూర్చున్నాం.

సరిగ్గా అరగంట అయ్యేసరికి మావాడు లెగ్ పీస్ పక్కన పెట్టి, "మామా, వీడు వాడికి హ్యాండిస్తాడు, వాడికది ముందే తెలుసుంటుంది, చూస్కో" అన్నాడు. చివరికి అచ్చంగా అదే జరిగింది. (సినిమా చూడని వాళ్ళు ఇక్కడితో ఆపేసి, చూసొచ్చి చదవండి. ఇకపై కథంతా చెప్పేస్తా.) "ముగ్గురు మహానుభావుల్ని పెట్టుకుని ఇంత పాత కథా! రెండు గంటలు దండగ" అని వాడు. "కథ పాతదే, కానీ నువ్వు మధ్యలో ఒక్కసారైనా ఫోన్ ముట్టుకున్నావా?" అని నేను. వాడు ముట్టుకోలేదు. అక్కడ మొదలైంది నా ఆలోచన.

ముందు వాడి వాదనకి న్యాయం చేద్దాం. దొంగతనం సినిమా అంటే మన డిజైన్ పాటర్న్ లాంటిది. ఒక ముసలి దొంగ, పద్ధతైన వాడు. "ఇదే ఆఖరుది, తర్వాత మానేస్తా" అంటాడు. ఒక దళారి, పైకి స్నేహితుడు, లోపల ఏదో అవసరం. ఒక కుర్ర దొంగ, తెలివెక్కువ, ఓపిక తక్కువ. బద్దలుకొట్టలేని ఒక ఖజానా. ప్లాన్, ప్లాన్ లో అవాంతరం, పని పూర్తి, పంపకంలో వెన్నుపోటు, దాని మీద ఇంకో వెన్నుపోటు. 1950 లో జాన్ హ్యూస్టన్ "ది అస్ఫాల్ట్ జంగిల్" తీసినప్పటి నుంచి ఈ టెంప్లేట్ లో పెద్దగా మారిందేమీ లేదు. "ద స్కోర్" లో కూడా అన్నీ వరసగా అవే. నిక్ (డీ నీరో) మాంట్రియల్ లో జాజ్ క్లబ్బు నడుపుకుంటూ, గుట్టుగా దొంగతనాలు చేస్తూ ఉంటాడు. ఉండే ఊళ్ళో దొంగతనం చెయ్యకూడదన్నది అతని నియమం. మాక్స్ (బ్రాండో) అతని సరుకు అమ్మిపెట్టేవాడు. జాక్ (నార్టన్) ఆ ఊరి కస్టమ్స్ భవనంలో రాత్రిపూట నేల తుడిచే పనిలో చేరి, లోపలి గుట్టంతా పట్టిన కుర్రాడు. అక్కడ దాచిన ఒక ఫ్రెంచి రాజదండం వీళ్ళ లక్ష్యం. నియమం పెట్టుకున్నాడంటేనే దాన్ని తప్పుతాడని అర్థం, కదా!

మరి మేమిద్దరం కదలకుండా ఎందుకు చూసాం?

నాకు తోచిన మొదటి కారణం ఇది. స్టార్ అనేవాడు తెర మీదకి ఒంటరిగా రాడు. తన పాత సినిమాలన్నీ వెంటేసుకుని వస్తాడు. మన భాషలో చెప్పాలంటే ముందే లోడ్ అయిపోయిన లైబ్రరీ. 1995 లో వచ్చిన "హీట్" చూసినవాళ్ళకి, పద్ధతి తప్పని దొంగగా డీ నీరోని మళ్ళీ పరిచయం చెయ్యక్కర్లేదు. బ్రాండో, డీ నీరో ఇద్దరూ ఒకే పాత్రకి ఆస్కార్లు తెచ్చుకున్నవాళ్ళు. 1972 "గాడ్ ఫాదర్" లో పెద్ద విటో కార్లియోనె బ్రాండో ఐతే, 1974 రెండో భాగంలో కుర్ర విటో డీ నీరో. అలాంటి ఇద్దరూ కలిసి తెర మీద కనిపించింది "ద స్కోర్" లోనే. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే, పాతికేళ్ళ స్నేహం అని డైలాగుల్లో చెప్పాల్సిన పని రచయితకి తప్పింది. దొంగతనం సినిమాలో సగం టైము ప్లానుకే పోతుంది. మనుషుల గతం చెప్పడానికి తీరిక ఉండదు. ఆ లోటు స్టార్లు ఊరికే పూడ్చేస్తారు.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమైనది. జాక్ పాత్ర.

ఆ కుర్రాడు బ్రయన్ అనే దొంగపేరుతో, మానసిక వైకల్యం ఉన్నవాడిలా నటిస్తూ, ఆ కస్టమ్స్ భవనంలో చీపురు పట్టుకుని తిరుగుతుంటాడు. అందరూ జాలి పడతారు గానీ ఎవరూ పట్టించుకోరు. కెమెరాలు ఎక్కడున్నాయో, కాపలావాళ్ళు ఎప్పుడు మారతారో, అన్నీ అతనే రాసిపెట్టుకుంటాడు. తీరా పని మొదలయ్యేసరికి పెద్దాయనలిద్దరూ కూర్చుని "నువ్వు చిన్నోడివి, చెప్పింది చెయ్యి" అన్నట్టు మాట్లాడతారు. కాగితం మీద చూస్తే జాక్ ఒక తొందరపాటు విలన్, అంతే. ఇంకెవరైనా చేసుంటే వాడు మోసం చేసినప్పుడు మనం తిట్టుకుని ఊరుకుంటాం. కానీ నార్టన్ చేసాడు. నిక్ అతన్ని చిన్నబుచ్చిన ప్రతిసారీ ఆ మొహంలో ఒక చిన్న బిగువు కనిపిస్తుంది. అది చూసి నేను, నిజం చెప్పాలంటే, చాలాసేపు జాక్ పార్టీలోనే ఉన్నా.

ఎందుకో కూడా చెప్తా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ప్రాజెక్టులో ఆరు నెలలు లాగ్ ఫైళ్ళు తవ్వి, ఎవరికీ అర్థం కాని ఒక పాత మాడ్యూల్ ఎలా పనిచేస్తుందో బొమ్మలు గీసి పెట్టా. క్లయింట్ డెమో రోజు ఆ బొమ్మలు వేరేవాళ్ళ స్లైడ్లలో కనిపించాయి. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టా. మీలో చాలామందికి ఇలాంటిది ఒకటైనా ఉండే ఉంటుంది. అందుకే జాక్ తుపాకీ తీసి, కష్టపడి తెచ్చిన సరుకు నాదే అన్నప్పుడు లోపల ఎక్కడో "కొట్టరా" అనిపించింది.

కానీ అక్కడే డీ నీరో చేసిన పని చూడాలి. ఖజానా తెరిచే సీను ఉంది చూసారూ... పైనుంచి రంధ్రం వేసి, లోపలంతా నీళ్ళు నింపి, అందులో చిన్న పేలుడు పదార్థం దింపుతాడు. నీళ్ళు గాలిలా కుదించుకుపోవు కాబట్టి ఆ ఒత్తిడి అన్ని గోడల మీదా ఒకేసారి పడి తలుపు ఊడి వస్తుంది. ఇంజినీరింగ్ లో ఫ్లూయిడ్ మెకానిక్స్ బట్టీ కొట్టి పాసైన నాలాంటి వాడికి కూడా ముచ్చటేసింది. అప్పటికి డీ నీరో వయసు 57 దాకా ఉంటుంది. ఆ ఆయాసం, ఆ చెమట, తొందరపడని ఆ చేతులు చూస్తుంటే, జాక్ కి తెలిసింది భవనం గురించి మాత్రమేననీ, పని నిక్ కి మాత్రమే తెలుసనీ మాటల్లో చెప్పకుండానే తెలిసిపోతుంది. చివర్లో జాక్ బస్టాండ్ లో తను లాక్కొచ్చింది విప్పి చూస్తే రాజదండం బదులు ఇనప కడ్డీ ఉంటుంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు, కొంచెం సిగ్గేసింది. నేనూ నా ఆరు నెలల లాగ్ ఫైళ్ళనే మొత్తం ప్రాజెక్టు అనుకున్నానేమో అని.

మా రూమ్మేట్ ముందే చెప్పేసిన మలుపే ఇది. ఐనా పనిచేసింది. ఏం జరుగుతుందో వాడు చెప్పాడు గానీ, జరిగినప్పుడు ఎవరి పక్షాన ఉంటామో చెప్పలేకపోయాడు. మామూలు కథని ఒక సీనియర్ జూనియర్ తగువుగా మార్చింది ఆ నటులే. కాబట్టి ప్రశ్నకి నా మొదటి జవాబు: అవును, లేపగలరు.

ఎంతవరకు అన్నదే అసలు సంగతి. స్టార్లు పైకి లేపగలిగేది మనుషుల్ని. ప్లానుని కాదు. ఇదే సినిమాలో కోడ్లు సంపాదించే ట్రాక్ చూడండి. తల్లి ఇంటి కింద గదిలో కూర్చుని, ఆవిడ మీద అరుస్తూ కంప్యూటర్లు కెలికే హ్యాకరు ఒకడుంటాడు. హాలీవుడ్ దృష్టిలో మన జాతి మొత్తం ఇంతే :-) అక్కడ స్టార్లెవరూ ఏం చెయ్యలేకపోయారు, ఆ భాగం పాతగానే మిగిలింది. ఏంజెలా బాసెట్ లాంటి నటిని పెట్టుకుని "ఈ పనులు మానేస్తే నీతో ఉంటా" అనే నాలుగు మాటలకి సరిపెట్టారు. రాయని పాత్రని ఎంత గొప్ప నటి అయినా ఎక్కడినుంచి తెస్తుంది?

పైగా స్టార్ అంటే ఖర్చు కూడా. డబ్బు ఒక్కటే కాదు. ఈ సినిమా దర్శకుడు ఫ్రాంక్ ఆజ్. "స్టార్ వార్స్" లో యోడాకి గొంతు ఇచ్చిందీ, "మపెట్స్" లో మిస్ పిగ్గీ బొమ్మని ఆడించిందీ ఆయనే. సెట్లో బ్రాండో ఆయన్ని మిస్ పిగ్గీ అని పిలిచేవాడనీ, ఇద్దరికీ పడక కొన్ని సీన్లకి డీ నీరో మధ్యవర్తిగా ఉండాల్సి వచ్చిందనీ అప్పట్లో పత్రికల్లో వచ్చింది. టీమ్ లో ఒక మేధావి ఉండి, లీడు మాట వినకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బ్రాండో 2004 లో పోయారు. తెర మీద ఆయన నటించిన ఆఖరి సినిమా ఇదే.

అదే 2001 లో, ఐదు నెలల తర్వాత, స్టీవెన్ సోడర్‌బర్గ్ "ఓషన్స్ ఎలెవెన్" వచ్చింది. అక్కడ స్టార్లు ముగ్గురు కాదు, ఒక బస్సుకి సరిపడా. జార్జ్ క్లూనీ, బ్రాడ్ పిట్, మ్యాట్ డామన్, జూలియా రాబర్ట్స్, ఆండీ గార్సియా... 1960 లో ఫ్రాంక్ సినాత్రా, డీన్ మార్టిన్ బృందం చేసిన సినిమాకి ఇది రీమేక్. పాతదాంట్లో స్నేహితులంతా సరదాగా గడుపుతుంటే మనం పక్క టేబుల్ నుంచి చూస్తున్నట్టుంటుంది. దొంగతనం ఏదో మధ్యలో జరిగిపోతుంది. సోడర్‌బర్గ్ ఏం చేసాడంటే, పదకొండు మందిలో ప్రతివాడికీ ఒక పని ఇచ్చాడు. ఆ పని లేకపోతే ప్లాన్ ఆగిపోతుంది. ఎవరికెంత పేరుందన్నది కాదు, ఎవరి పనేంటన్నది లెక్క.

అదే జట్టు 2004 లో "ఓషన్స్ ట్వెల్వ్" కి వచ్చేసరికి, జూలియా రాబర్ట్స్ పాత్ర జూలియా రాబర్ట్స్ లాగా నటించడం, బ్రూస్ విల్లిస్ బ్రూస్ విల్లిస్ గానే రావడం మిగిలింది. చివర్లో, అసలు దొంగతనం మనకి చూపించకుండా ఎప్పుడో రైల్లోనే అయిపోయింది అంటారు. ఇదేం న్యాయమండీ? దొంగతనం సినిమాకి వచ్చిన ప్రేక్షకుడికి పని చూపించాలి. పని దాచిపెట్టి మొహాలు చూపిస్తే, స్టార్లు ఎంతమందున్నా అది ఫోటో ఆల్బమే. 2012 లో "ది ఇటాలియన్ జాబ్" ని హిందీలో "ప్లేయర్స్" గా తీసినప్పుడు కూడా పోస్టర్ నిండా జనమే. ఐనా ఆడలేదు.

స్టార్లు లేకపోయినా పని ఉంటే చాలనడానికి 1955 నాటి ఫ్రెంచి సినిమా "రిఫిఫీ" ఉంది. దాదాపు అరగంట దొంగతనం, ఒక్క మాట లేదు, సంగీతం లేదు. దర్శకుడు జూల్స్ డాసిన్ తనే ఒక దొంగ వేషం వేసాడు. ఆ అరగంట ఊపిరి బిగపట్టి చూస్తాం. మన దగ్గరా 2013 లో సుధీర్ వర్మ "స్వామి రారా" పెద్ద తారలెవరూ లేకుండానే ఒక వినాయకుడి బొమ్మ చుట్టూ తిరిగి మెప్పించింది. ఇంకాస్త వెనక్కెళితే 1991 లో "క్షణ క్షణం". బ్యాంకు దోపిడీ సొమ్ము చుట్టూ కథ. శ్రీదేవి అంతటి తారని పెట్టుకుని, చిన్నదానికీ బెదిరిపోయే మామూలు ఉద్యోగస్తురాలిని చేసాడు రామ్ గోపాల్ వర్మ. తారని వాడుకోవడం అంటే అదీ.

వెరసి నా తీర్పు. స్టార్లు మామూలు దొంగతనం సినిమాని ఒక అంతస్తు పైకి లేపగలరు. "చూడక్కర్లేదు" నుంచి "హాయిగా చూడొచ్చు" దాకా. అక్కణ్ణుంచి "మర్చిపోలేం" దాకా తీసుకెళ్ళేది రాత. "ద స్కోర్" పోస్టర్ మీద మూడు మొహాలున్నాయి. స్క్రీన్ ప్లే రాసినవాళ్ళు కూడా ముగ్గురే... కారియో సేలమ్, లెమ్ డాబ్స్, స్కాట్ మార్షల్ స్మిత్. ఆ పేర్లు మీరెప్పుడైనా విన్నారా? నేనూ వినలేదు, టైటిల్స్ వెనక్కి తిప్పి చూస్తే దొరికాయి.

అవి చూసాక ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన నెల మా రిలీజ్ అయినప్పుడు వెళ్ళిన అభినందనల మెయిల్లో నా పేరూ, ఇంకో ఇద్దరు సీనియర్ల పేర్లూ ఉన్నాయి. రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని టెస్ట్ డేటా తయారుచేసిన కుర్రాడి పేరు లేదు. మెయిల్ రాసింది నేనే. సోమవారం పొద్దున్నే ఆ పాత మెయిల్ కి రిప్లై ఆల్ కొట్టి వాడి పేరు చేర్చా. నెల ఆలస్యమే అనుకోండి.

మావాడికి ఇదంతా చెప్తే, "సరేలే, ఈ శుక్రవారం రిఫిఫీ పెట్టు. మాటల్లేవన్నావుగా, సబ్ టైటిల్స్ చదివే బాధ అరగంటైనా తప్పుతుంది" అన్నాడు.